ఒకే ‘టేక్ ఆఫ్’కి ఇన్ని అర్థాలా? ఎక్కడ ఏదో ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఒక కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం చేస్తూనే ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షకు చదువుతున్నారు, ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ పక్కన ‘అప్’, ‘ఆఫ్’ లాంటి చిన్నమాట చేరినవి) పట్టిక మొత్తం బట్టీ పట్టారు, అయినా అమెరికా వాళ్ళ కాల్‌లో ఎవరైనా ‘టేక్ ఆఫ్’ అంటే అది చొక్కా విప్పడమా, విమానం లేవడమా, సెలవు పెట్టడమా తేల్చుకునేలోపే వాళ్ళు ఇంకో మాటకు వెళ్ళిపోతున్నారు. మాటకు మాట అర్థం ఎప్పుడు తీసుకోవాలి, ఇడియమ్ (జాతీయం) అర్థం ఎప్పుడు తీసుకోవాలి, దీనికి రూల్ ఏమైనా ఉందా అని అడిగారు.

ఒక్క ముక్కలో చెప్పే రూల్ లేదండి. కానీ పట్టుకునే పద్ధతి ఉంది, అది మీకు ఇప్పటికే వచ్చు కూడా. తెలుగు మీడియం పిల్లలకు చాలా ఏళ్ళుగా ఇంగ్లీష్ చెప్తున్నాను, వాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే. తెలుగులో రోజూ చేస్తున్న పనే ఇంగ్లీష్‌లో చెయ్యాలి, పట్టిక పక్కన పెట్టెయ్యాలి.

ఎలాగో చూడండి. పత్తి చేను నుంచి వచ్చిన మనిషి ‘పొద్దున్నుంచీ మందు కొట్టి భుజాలు పడిపోయాయి’ అంటే పురుగుమందు పిచికారీ చేశాడని మనకు వెంటనే తెలుస్తుంది. అదే మనిషి గురించి ‘రాత్రి పెళ్ళిలో బాగా మందు కొట్టాడు’ అంటే పురుగుమందు సంగతి మన ఆలోచనలోకే రాదు. రెండు చోట్లా అవే రెండు మాటలు. చేను, భుజాలు అనేవి ఒక అర్థం వైపు తీసుకెళ్ళాయి, రాత్రి, పెళ్ళి అనేవి ఇంకో అర్థం వైపు తీసుకెళ్ళాయి. ‘కొట్టు’ అనే క్రియనే తీసుకోండి, టైరుకి గాలి కొడతాం, బండి హారన్ కొడతాం, గుళ్ళో కొబ్బరికాయ కొడతాం, పరీక్షలో కాపీ కొడతారు, సినిమా బోర్ కొడుతుంది, మురిక్కాలవ వాసన కొడుతుంది, ఎవడో మన ఫోన్ కొట్టేస్తాడు, ఒకాయన సొంత డబ్బా కొట్టుకుంటాడు. వీటిలో నిజంగా దెబ్బ తగిలేది కొబ్బరికాయకే. మిగతావన్నీ మనకు ఎవరూ పట్టిక రాసిచ్చి నేర్పలేదు, పక్కన ఏ మాట ఉందో చూసి పట్టుకున్నాం.

కాబట్టి క్రియ దగ్గర ఆగిపోవద్దు. ఎవరు చేశారు, దేన్ని చేశారు అని చూడండి, అంటే బళ్ళో నేర్చుకున్న కర్త, కర్మ. మీ ‘టేక్ ఆఫ్’నే చూద్దాం. ‘హి టుక్ ఆఫ్ హిజ్ షర్ట్’ అన్నప్పుడు చొక్కా కర్మగా ఉంది, ఒంటి మీద ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టాడు. ఇది మాటకు మాట అర్థం. ‘ద ఫ్లైట్ టుక్ ఆఫ్ ఎట్ సిక్స్’, ఇక్కడ కర్మ లేదు, కర్త విమానం, అది నేల విడిచి లేచింది. ‘ద బిజినెస్ టుక్ ఆఫ్’, కర్మ లేదు, కర్త వ్యాపారం, విమానం లేచినట్టే అది ఊపందుకుంది. ‘వెన్ ద పోలీస్ కేమ్, హి టుక్ ఆఫ్’, కర్త మనిషి, కర్మ లేదు, ఉడాయించాడు. ‘షి టుక్ మండే ఆఫ్’, కర్మ స్థానంలో రోజు ఉంది, సెలవు పెట్టింది. ఇంకొకటి కూడా ఉంది, బ్రిటన్‌లో ‘హి టేక్స్ ఆఫ్ ద మేనేజర్ వెరీ వెల్’ అంటే మేనేజర్‌ని అచ్చం దించేస్తాడు, మిమిక్రీ చేస్తాడు అని. కర్మగా ఇంకో మనిషి వచ్చాడు, ఆ మనిషిని విప్పలేం, సెలవుగా పెట్టలేం, కాబట్టి వేరే అర్థం వెతుక్కోవాలి. ఇలా కర్తనీ కర్మనీ చూస్తే చాలాసార్లు ఒకే అర్థం మిగులుతుంది.

ఈ తికమక మీ ఒక్కరిదే అనుకోవద్దు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీష్ నిఘంటువుకి రాసిన ముందుమాటలోనే, క్రియ పక్కన చిన్నమాట చేర్చి అర్థం మార్చెయ్యడం ఇంగ్లీష్‌లో చాలా ఎక్కువనీ, బయటి దేశాల వాళ్ళకు అన్నిటికన్నా కష్టం దానితోనే అనీ రాశాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ‘టేక్ ఆఫ్’ కూడా ఉంది, అర్థం ‘అనుకరించడం’ అని ఇచ్చాడు. అప్పటికి విమానాలు లేవు మరి. ‘సెట్ ఇన్’ కూడా ఉంది, ఆగకుండా సాగేదేదో మొదలవడం అన్న అర్థంలో, ఇప్పటికీ జూన్‌లో ఇంగ్లీష్ పేపర్లు ‘మాన్‌సూన్ సెట్స్ ఇన్’ అని రాసేది ఆ అర్థంలోనే. కానీ ‘సెట్ ఆఫ్’కి ఆయన ఇచ్చిన అర్థం ‘అలంకరించడం, అందం పెంచడం’. ఇవాళ మనకు ఎక్కువగా వినిపించే అర్థాలు వేరు, ప్రయాణం మొదలుపెట్టడం, లేదా అలారమో బాంబో మోగేలా, పేలేలా చెయ్యడం. అర్థాలు ఇలా కాలంతో కదులుతూ ఉంటాయి, అందుకే పాత పట్టికలను కళ్ళు మూసుకుని నమ్మొద్దు.

రెండో సంగతి, కర్మ ఎక్కడ కూర్చుందో చూడండి. దీన్ని చాలామంది టీచర్లు వ్యాకరణం కింద చెప్పి వదిలేస్తారు, నిజానికి ఇది అర్థం పట్టుకునే పద్ధతుల్లో అన్నిటికన్నా గట్టిది. ఈ రెండు వాక్యాలు చూడండి. ‘హి రాన్ అప్ ఎ హిల్.’ ‘హి రాన్ అప్ ఎ బిల్.’ చూడ్డానికి ఒక్క అక్షరమే తేడా. మొదటిదానిలో కొండ మీదికి పరిగెత్తాడు, అక్కడ ‘అప్’ కొండకు చెందిన మాట, తెలుగులో ‘మీదికి’ అన్నట్టు. రెండోదానిలో ఖర్చు పెట్టీ పెట్టీ బిల్లు పెంచుకున్నాడు, అక్కడ ‘అప్’ క్రియకు అతుక్కుపోయింది. ఇప్పుడు కర్మ తీసేసి ‘ఇట్’ పెట్టి చూడండి. కొండకైతే ‘హి రాన్ అప్ ఇట్’ అనాలి. బిల్లుకైతే ‘హి రాన్ ఇట్ అప్’ అనాలి, ‘రాన్ అప్ ఇట్’ అనడానికి లేదు. ‘ఇట్’ మధ్యలోకి దూరిందంటే ఆ చిన్నమాట క్రియతో కలిసి పనిచేస్తోందని గుర్తు, అక్కడ కొత్త అర్థం ఉండే అవకాశం ఎక్కువ. ఎక్కువ అంటున్నాను, ఖాయం అనడం లేదు, ఎందుకంటే ‘టేక్ ఇట్ ఆఫ్’ అని చొక్కా గురించి మామూలు అర్థంలో కూడా అంటాం కదా.

అమెరికాలో కారు నడిపే మనవాళ్ళకు రోజూ ఎదురయ్యే జంట ఇంకొకటి ఉంది. ‘టర్న్ ఆఫ్ ద లైట్’ అంటే లైట్ ఆపెయ్యి. ‘టర్న్ ఆఫ్ ద హైవే’ అంటే హైవే వదిలి పక్కకు తిరుగు, హైవేని ఎవరూ ఆపలేరు. లైట్‌కైతే ‘టర్న్ ఇట్ ఆఫ్’ అంటాం, హైవేకి అలా అనలేం.

చెవికి కూడా ఒక గుర్తు ఉంది. ‘లుక్ ఎట్ ఇట్’ అన్నప్పుడు ఊనిక ‘లుక్’ మీద పడుతుంది, ‘ఎట్’ తేలిపోతుంది. ‘లుక్ ఇట్ అప్’, అంటే నిఘంటువులోనో నెట్‌లోనో వెతికి చూడు అన్నప్పుడు, ఊనిక ‘అప్’ మీద పడుతుంది. కాల్‌లో అన్ని మాటలూ అందకపోయినా ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’ గట్టిగా వినిపించాయంటే అక్కడ ఫ్రేజల్ వెర్బ్ ఉండొచ్చని చెవి అప్రమత్తం కావాలి. ఇది సాధన మీద వస్తుంది, పుస్తకం చదివితే రాదు.

ఇప్పుడు ఈ చిన్నమాటల గురించి. ‘ఈట్’ అంటే తిను, మరి ‘ఈట్ అప్’ అంటే పైకి తినడమా అని పిల్లలు అడుగుతారు. తెలుగులో ‘తిన్నాడు’కీ ‘తినేశాడు’కీ తేడా ఏమిటి? ‘తినేశాడు’లో ‘వేశాడు’ ఉంది, కానీ దేన్నీ ఎక్కడా వెయ్యలేదు. పని పూర్తయింది, మిగల్లేదు అని చెప్తోందంతే. ‘ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్’ల్లో ‘అప్’ చేసే పని చాలావరకు అదే, తినెయ్, తాగెయ్, వాడెయ్. అలాగే ‘పోవడం’. ‘అయిపోయింది’, ‘కాలిపోయింది’, ‘చచ్చిపోయాడు’ అన్నప్పుడు ఎవరూ ఎక్కడికీ నడిచి పోలేదు. ఈ సహాయ క్రియలు తెలుగువాళ్ళకు ఎంత సహజంగా వస్తాయో ఇంగ్లీష్ వాళ్ళకు ‘అప్, ఆఫ్, అవుట్’ అంత సహజంగా వస్తాయి. తెలుగు నేర్చుకునే ఇంగ్లీష్ మనిషి ‘వెళ్ళిపోయాడు’లో రెండుసార్లు ‘గో’ ఎందుకుందని తల పట్టుకుంటాడు, మన అవస్థకి అది సరిగ్గా అవతలి వైపు. ప్రతి ‘అప్’నీ ‘వేశాడు’తో మార్చెయ్యొచ్చని మాత్రం అనుకోకండి. ‘గివ్ అప్’ (వదులుకోవడం), ‘బ్రింగ్ అప్’ (పిల్లల్ని పెంచడం) లాంటి చోట్ల ఈ పోలిక పనిచెయ్యదు.

‘ఆఫ్’ మాత్రం చాలామందిని కిందా మీదా చేస్తుంది, ముఖ్యంగా ‘గో ఆఫ్’. ‘ద లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే లైట్లు ఆరిపోయాయి. ‘ద అలారం వెంట్ ఆఫ్’ అంటే అలారం మోగింది! ఒకటి ఆగడం, ఇంకొకటి మొదలవడం, రెండింటికీ ఒకటే మాట. ‘ద బాంబ్ వెంట్ ఆఫ్’ అంటే పేలింది. బ్రిటన్‌లో ‘ద మిల్క్ వెంట్ ఆఫ్’ అంటే పాలు పాడయ్యాయి. ‘హి వెంట్ ఆఫ్ టు గుంటూర్’ అంటే గుంటూరు వెళ్ళాడు, మాటకు మాట అర్థం. వీటన్నిటి కింద ఒక పాత అర్థం ఉంది, ఉన్న చోటు నుంచి, ఉన్న స్థితి నుంచి విడిపోవడం. లైటు వెలుగుతున్న స్థితి నుంచి విడిపోయింది, అలారం మాటేసిన స్థితి నుంచి విడిపడి ఒక్కసారి మోగింది, పాలు మంచి స్థితి నుంచి తప్పాయి. మనకు కూడా కర్ర విరుగుతుంది, పాలూ విరుగుతాయి, మనసూ విరుగుతుంది, అంతే కదా. ఆఫీసులో సర్వర్ అలారం ‘వెంట్ ఆఫ్’ అని ఎవరైనా అంటే అది ఆగిపోయిందనుకుని ఊరుకోవద్దు, అది మోగిందని చెప్తున్నారు, చూడాల్సింది మీరే.

అందుకే ‘లిటరల్ మీనింగ్ వదిలెయ్యి, ఇడియమ్ అర్థం ఒక్కటే బట్టీ కొట్టు’ అని కోచింగ్‌లో చెప్పే సలహాతో నేను ఏకీభవించను. మాటకు మాట అర్థం తెలిస్తే ఇడియమ్ అర్థం చాలాసార్లు దాని వెంటే వస్తుంది, మనసులో బొమ్మ కట్టుకుని నిలుస్తుంది. ‘హ్యాంగ్ అప్’ అంటే ఫోన్ పెట్టెయ్యడం. ఎందుకంటే పాత గోడ ఫోన్లలో మాట్లాడటం అయ్యాక చెవి దగ్గర పెట్టుకున్నదాన్ని కొక్కేనికి నిజంగానే తగిలించేవాళ్ళు. ఇది తెలిశాక ‘హ్యాంగ్ అప్’, ‘హ్యాంగ్ అవుట్’ (కలిసి కాలక్షేపం చెయ్యడం), ‘హ్యాంగ్ ఆన్’ (కాస్త ఆగడం) ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. మనం ఇక్కడ ‘కాల్ కట్ చెయ్యి’ అంటాం, దాన్నే ‘ఐ విల్ కట్ ద కాల్’ అని అక్కడ వాడితే వాళ్ళకు అర్థమవుతుంది గానీ వాళ్ళు అనే మాట అది కాదు. అలాగే ‘ఫ్యాన్ వెయ్యి’ అన్నది ‘పుట్ ద ఫ్యాన్’ అయిపోతుంది మన నోట్లో, వాళ్ళు ‘టర్న్ ఆన్’, ‘స్విచ్ ఆన్’ అంటారు.

‘రన్ అవుట్’ ఇంకా మంచి ఉదాహరణ, దానితో క్రికెట్ వల్ల మనకు ముందే పరిచయం ఉంది. ‘షి రాన్ అవుట్ ఆఫ్ ద హౌస్’, ఇంట్లోంచి బయటికి పరిగెత్తింది. ‘వి రాన్ అవుట్ ఆఫ్ రైస్’, మా ఇంట్లో బియ్యం అయిపోయాయి. ‘హి వాజ్ రన్ అవుట్’, రనౌటయ్యాడు. మొదటి రెండు వాక్యాల నడక ఒకటే, ‘అవుట్ ఆఫ్’ తర్వాత ఇల్లు ఉందా బియ్యం ఉందా అనేదే తేడా. బియ్యంలోంచి ఎవరూ బయటికి పరిగెత్తరు కాబట్టి అర్థం మారిందని తెలుస్తుంది. మూడోదానిలో ‘వాజ్’ ఉంది, అంటే అవుట్ చేసింది అవతలివాళ్ళు. ఇంకో తేడా కూడా గమనించండి, మనకు అయిపోయేది బియ్యం, కాబట్టి బియ్యమే కర్త. వాళ్ళు ఎక్కువగా ‘వి’తో మొదలుపెడతారు. తెలుగులో ఆలోచించి మార్చబోతే మీరు తట్టుకుని ఆగేది ఇక్కడే, అందుకని ఈ వాక్యాన్ని వాక్యంగానే నోటికి అలవాటు చేసుకోండి.

ఇక బొమ్మ ఎంత కట్టుకున్నా లాభం లేని ఇడియమ్‌లు కొన్ని ఉన్నాయి. అందరికీ తెలిసింది ‘కిక్ ద బకెట్’. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ తెచ్చిన మొరటు మాటల నిఘంటువులోనే ‘చచ్చిపోవడం’ అని ఉంది. ఆ బకెట్ ఏమిటి, ఎవరు తన్నారు అన్నదానికి రకరకాల కథలు చెప్తారు, పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు, మీరు వాటి జోలికి పోనక్కర్లేదు. మనవాళ్ళు దాన్నే తెచ్చుకుని ‘బాల్చీ తన్నేశాడు’ అంటున్నారు కాబట్టి అర్థం గురించి మీకు దిగులు లేదు. దిగులు పడాల్సింది ఎక్కడ వాడాలన్నదాని గురించి. ‘మరణించారు’, ‘చనిపోయారు’, ‘పోయారు’, ‘టపా కట్టేశాడు’, ‘బాల్చీ తన్నేశాడు’, ఇవన్నీ ఒకటే సంగతి చెప్తాయి, కానీ సహోద్యోగి నాన్నగారు పోతే ఏ మాట వాడకూడదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ‘కిక్ ద బకెట్’ కూడా అలాంటి మాటే, సంతాపం తెలిపే మెయిల్‌లో దాన్ని పొరపాటున కూడా రాయకూడదు, అక్కడ ‘పాస్డ్ అవే’ అనాలి. పట్టికల్లో ఉన్న పెద్ద లోపం ఇదే, ఇడియమ్ పక్కన ‘టు డై’ అని రాసి ఊరుకుంటాయి, మర్యాద సంగతి చెప్పవు.

ఇలాంటి ముద్ద ఇడియమ్‌నీ విడదీయగల ఇడియమ్‌నీ వేరు చెయ్యడానికి ఒక పరీక్ష ఉంది. తెలుగులోనే చూడండి. ‘ఎన్నికల్లో ఆయనే చక్రం తిప్పాడు’ అంటాం. దాన్ని తిరగేసి ‘ఆయన తిప్పిన చక్రం వల్లే గెలిచారు’ అన్నా రాజకీయం అర్థం నిలబడుతుంది. కానీ ‘ఆయన తన్నిన బాల్చీ’ అన్నారంటే ఇక చావు లేదు, నిజం బాల్చీయే దొర్లుతుంది. ఇంగ్లీష్‌లో కూడా అంతే, ‘ద స్ట్రింగ్స్ హి పుల్డ్’ అంటే అతను వాడిన పలుకుబడి అనే అర్థం ఉంటుంది, ‘ద బకెట్ హి కిక్డ్’ అంటే బకెట్టే. ‘స్పిల్ ద బీన్స్’ని కూడా ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అని తిప్పొచ్చు, రహస్యం బయటపడిందనే అర్థం పోదు, ఎందుకంటే అందులో ‘స్పిల్’ బయటపెట్టడానికీ ‘బీన్స్’ రహస్యానికీ విడివిడిగా సరిపోతాయి. 1994లో జెఫ్రీ నన్‌బర్గ్, ఐవాన్ సాగ్, థామస్ వాసో అనే ముగ్గురు భాషావేత్తలు ఈ తేడా మీద పెద్ద వ్యాసమే రాశారు. మీకు పనికొచ్చేది ఏమిటంటే, ముక్కలుగా విడిపోయేవాటిని బొమ్మతో గుర్తుపెట్టుకోండి, విడిపోనివాటిని ఒకే పెద్ద మాట అనుకుని ముద్దగా మింగెయ్యండి, అందులో ఒక్క ముక్క కూడా మార్చకండి.

ఇంగ్లీష్ వాళ్ళు కూడా ముద్దగానే దాచుకుంటారని చెప్పడానికి ఆధారం ఉంది. 1979లో డేవిడ్ స్విన్నీ, ఆన్ కట్లర్ చేసిన ప్రయోగంలో, తెర మీద వచ్చిన మాటల గుంపు ఇంగ్లీష్‌లో అర్థమున్నదో కాదో చెప్పమంటే, జనం ఇడియమ్‌లను అలాంటి మామూలు పదబంధాల కన్నా త్వరగా గుర్తుపట్టారు. అంటే ముందు మాటకు మాట అర్థం లెక్కేసుకుని, అది కుదరక ఇడియమ్ అర్థానికి రావడం లేదన్నమాట. మీరు కాల్‌లో వెనకబడేది ఆ లెక్క వేస్తూ ఉండటం వల్లే. కొత్తది నేర్చుకునేటప్పుడు ఇంటి దగ్గర నింపాదిగా ఆ లెక్క వెయ్యండి, మంచిదే. వాడేటప్పుడు మాత్రం వాక్యం వాక్యంగా నోట్లో ఉండాలి.

ఇప్పుడు అమెరికా కాల్స్ సంగతి. అర్థం మీకు తెలుసనుకునే చోటే ప్రమాదం ఎక్కువ. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని మనవాళ్ళు ప్రతి ఇంటర్వ్యూలో చెప్తారు. మన దేశంలో అది చదువు పూర్తవడం, అందులో తప్పేమీ లేదు, హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీలో శిక్షణ అయ్యాక జరిగేదాన్ని కూడా ‘పాసింగ్ అవుట్ పరేడ్’ అనే అంటాం, అది బ్రిటిష్ సైన్యం వాడుక. కానీ అమెరికాలో ‘పాస్ అవుట్’ అంటే స్పృహ తప్పి పడిపోవడం, ఎక్కువగా తాగి పడిపోవడం. అక్కడివాళ్ళతో ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019’ అనండి.

‘టేబుల్’ ఇంకా పెద్ద చిక్కు. మన పార్లమెంట్‌లో, బ్రిటన్‌లో నివేదికని ‘టేబుల్’ చేశారంటే సభ ముందు పెట్టారని. అమెరికాలో ‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే దీన్ని ఇప్పటికి పక్కన పెట్టేద్దాం అని, సరిగ్గా ఉల్టా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఇదే మాట మీద చాలాసేపు వాదులాడుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. మీ మేనేజర్ అమెరికన్ అయితే ‘టేబుల్’ అన్నాక ఆ పాయింట్ మీద స్లైడ్ తెరవకండి.

‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ కూడా చెప్పాలి. తెలుగులో ‘కాళ్ళు పట్టి లాగుతున్నారు’ అంటే పైకి రాకుండా అడ్డుకుంటున్నారని, ‘కాళ్ళు లాగుతున్నాయి’ అంటే నొప్పిగా ఉన్నాయని, ‘కాళ్ళు పట్టుకున్నాడు’ అంటే బతిమాలాడని. ఇంగ్లీష్‌లో కాలు లాగడం అంటే సరదాగా ఆటపట్టించడం, అబద్ధం చెప్పి ఏడిపించడం, అందులో ద్వేషం లేదు. ‘ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?’ అని ఎవరైనా అంటే మీ మీద ఫిర్యాదు చేస్తున్నారని కంగారు పడక్కర్లేదు. చెయ్యి విషయంలో అదృష్టం బాగుంది, ‘చేతులు కాల్చుకున్నాడు’కి వాళ్ళు ‘బర్న్ట్ హిజ్ ఫింగర్స్’ అంటారు, అర్థం ఒకటే. కానీ ‘చెయ్యి చేసుకున్నాడు’ని మాటకు మాట మారిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

చదివే పద్ధతి గురించి కొంచెం. మీరు పెద్ద ఇంగ్లీష్ మాటలతో మొదలుపెట్టారు, ‘పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్, డిస్కవర్’ మీకు బాగా వచ్చు, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో అవే ఉంటాయి. నోటి మాటలో వాటి చోట ‘పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, లుక్ ఇంటు, ఫైండ్ అవుట్’ వస్తాయి. ఈ జంటలు రాసుకోండి, కొత్త పదం నేర్చుకున్నట్టు కాకుండా తెలిసిన పదానికి ఇంటి పేరు తెలుసుకున్నట్టు ఉంటుంది. ఆ పక్కనే ఒక పూర్తి వాక్యం, మీ పనికి సంబంధించింది రాయండి, ‘దే పుట్ ఆఫ్ ద రిలీజ్’ లాంటిది. అర్థం ఒక్కటే రాసుకుంటే ‘పుట్ ఆఫ్’ తర్వాత రిలీజ్ వస్తుందో, మీటింగ్ వస్తుందో, మనిషి వస్తాడో మీకు ఎప్పటికీ తెలియదు. మనిషి కూడా వస్తాడు, ‘హిజ్ టోన్ పుట్ మి ఆఫ్’ అంటే అతను మాట్లాడిన తీరుకి నాకు మనసు విరిగింది.

నిఘంటువు విదేశీ విద్యార్థుల కోసం తయారైనదే వాడండి, ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, ఏదైనా పర్వాలేదు, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. క్రియ దగ్గరికి వెళ్ళి ఆఖరిదాకా కిందికి దిగితే ఫ్రేజల్ వెర్బ్స్ ఉంటాయి. కర్మ ఎక్కడ కూర్చోవాలో కూడా చూపిస్తారు, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్‌లలో రెండు వైపులా మొన ఉన్న బాణం గుర్తు ఉంటే కర్మని మధ్యలో అయినా చివర అయినా పెట్టొచ్చని, ‘ఇట్’, ‘దెమ్’ లాంటివి మాత్రం మధ్యలోనే పెట్టాలి. ‘కిక్ ద బకెట్’ లాంటివి ‘కిక్’ కింద లేకపోతే ‘బకెట్’ కింద చూడండి.

ఎస్ఎస్‌సీ ప్రశ్నల్లో నాలుగు ఆప్షన్లలో ఒకటి తరచుగా మాటకు మాట అర్థమే ఉంటుంది, కంగారులో ఉన్నవాళ్ళు దాని మీదే టిక్ పెడతారు. వాక్యంలో ఇచ్చి అడిగితే కర్తనీ కర్మనీ చూడండి, చాలాసార్లు ఆ ఒక్క చూపుతోనే రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి. వాక్యం లేకుండా ఇడియమ్ ఒక్కటే ఇచ్చి అడిగితే మాటకు మాట అర్థమున్న ఆప్షన్‌ని ముందే పక్కన పెట్టండి.

‘పుట్ అప్ విత్’లో ‘ఇట్’ మధ్యలో వస్తుందా అని కూడా అడిగారు. రాదు. ఇలా మూడు మాటలున్నవి చాలావరకు విడిపోవు, ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ ఇట్’ అనాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు’ కూడా ఇదే జాతి, అందులో ‘టు’ ప్రిపొజిషన్, కాబట్టి మెయిల్ చివర మనవాళ్ళు రాసే ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ తప్పు, ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అని రాయండి.